సికింద్రాబాద్ బంగళాల పచ్చకంచె

సికింద్రాబాద్ కంటోన్మెంటులోని పాత బంగళాల చుట్టూ, ఉద్యానవనాల దారుల వెంట నడుమెత్తున కత్తిరించి పెంచే ముదురాకుపచ్చ కంచెలలో తరచు కనిపించే మొక్క ఒకటి నిజానికి సముద్రతీరపు పొద. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం క్లెరోడెండ్రమ్ ఇనర్మీ అనీ, 2010లో జరిగిన పునర్వర్గీకరణ తరువాత వోల్కమేరియా ఇనర్మిస్ అనీ పిలుస్తున్న ఈ మొక్కకు తెలుగులో ఏటిపిసినిక, పిసంగి అనే పేర్లున్నాయి. నర్సరీలవారికి మాత్రం ఇది ఇనర్మీ.

మడ అడవులు, అనగా ఆటుపోట్ల ఉప్పునీటిలో వేళ్లూనే చెట్ల సముదాయాలు, ముగిసి గట్టినేల మొదలయ్యే అంచు దీని సహజస్థానం. గోదావరి ముఖద్వారాన కోరింగ పరిసరాలలోనూ, కృష్ణా సంగమం దగ్గరి ఉప్పుటేర్ల గట్లపైనా ఇది ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. కొమ్మలు నిటారుగా నిలవక వాలి, నేల తగిలిన కణుపుల వద్ద వేళ్లు తొడిగి, గట్టును కప్పుకుంటూ పోతాయి. కాయలు బెండులా తేలికైనవి కనుక పోటునీటిపై తేలుతూ కొత్త ఒడ్డులకు చేరుతాయి. ఉప్పును, గాలిని, నీటి ఎద్దడిని ఓర్చుకొనే ఈ గుణమే తరువాతి కాలంలో దానిని తోటలకు తెచ్చింది.

కేరళ తీరపు మొక్కలను వర్ణించిన హోర్టస్ మలబారికస్ గ్రంథంలో 17వ శతాబ్దిలోనే దీనికి చోటు దక్కింది. లిన్నేయస్ 1753లో శాస్త్రీయనామం పెట్టాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు వృక్షజాతులను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1859లో తెలుగు మొక్కల పేర్లను ఫ్లోరా ఆంధ్రికా పేరిట కూర్చిన వాల్టర్ ఇలియట్ వంటివారి శ్రమవల్ల ఆంధ్రతీరపు పచ్చదనం పుస్తకాలకెక్కింది. అయితే పండ్లకూ కలపకూ రంగులకూ ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఆ కాలపు పాలకులు దడికి ఇవ్వలేదు. అందువల్ల కంచెల చరిత్రను ఎక్కువగా పరిస్థితులను బట్టే అర్థం చేసుకోవలసి వస్తుంది.

ఆ పరిస్థితులు స్పష్టమైనవే. 1798 నాటి ఒప్పందం ప్రకారం నిజాం ఖర్చుతో ఆయన రాజ్యంలో నిలిపిన కుంపిణీ సేన, అనగా సబ్సిడియరీ సైన్యం, హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేసింది. 1806లో ఆ విడిదికి నాటి నిజాం సికందర్ జా పేర సికింద్రాబాద్ అనే పేరు వచ్చింది. ఆ దళాలు మద్రాసు సైన్యానికి చెందినవి. 1835లో వ్యవసాయోద్యాన సంఘం ఏర్పడిన మద్రాసులో తోటల పెంపకం అప్పటికే స్థిరపడిన అభిరుచి. ఆ అలవాట్లు దళాలతోపాటు దక్కనుకు చేరాయనడం సమంజసం. 1889 నాటికి రైలుమార్గం సికింద్రాబాద్‌ను బెజవాడతో కలిపింది, దానితో తీరప్రాంతం నుంచి రాకపోకలు మరింత సులభమయ్యాయి.

విశాలమైన ఆవరణలకు హద్దు కావాలి. మొరం నేలలో, ఎండాకాలం నీరు తగ్గే బావులతో పెరగగలిగినదై, పశువులు మేయనిదై ఉండాలి. చేదు ఆకులున్న ఏటిపిసినికకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. పెంపకం కూడా కష్టం కాదు: తొలకరిలో ముదురు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి వరుసగా పాతితే చిగురిస్తుంది, వాలిన కొమ్మను మట్టిలో తొక్కిపెట్టి, వేళ్లు వచ్చాక తల్లిమొక్క నుంచి వేరుచేసే నేలంటు పద్ధతి అంతకన్నా సులువు. మాలీ తరచుగా కొనలు తుంచితే పక్కకొమ్మలు వచ్చి కంచె అడుగు నుంచి దట్టమవుతుంది, తీగచట్రాలపై ఏనుగు, నెమలి వంటి ఆకారాలకూ ఒదుగుతుంది. కానీ లేత కొమ్మలపై రావలసిన పూలు ఆ కత్తెరకే పోతాయి. పొడుగాటి ఎర్రని కేసరాలు గల ఆ తెల్లని పూలను, రోజూ ఆ కంచె పక్కనే నడిచే నగరవాసులలో ఎంతోమంది ఎరుగరు. ఇంత అందమైన పూవు ఇలా మరుగున పడిపోవడం బాధాకరం.

అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి తోటల అలంకారానికి తెచ్చిన లాంటానా అడవులను ఆక్రమించగా, మన తీరపు పొద మాత్రం దక్కనులో నాటిన గీత దాటలేదు. ఇటీవల బంగళాల స్థానంలో అపార్టుమెంట్లు, కంచెల స్థానంలో ఇటుక గోడలు వస్తున్నాయి. మిగిలిన చోట్ల పసుపు ఆకుల డురాంటా దానితో పోటీపడుతోంది. అయినా గోదావరి ఒడ్డున కడియం నర్సరీలలో ఇనర్మీ మొక్కలు నేటికీ పెరుగుతున్నాయి, పార్కులు, సైనిక ఆవరణలు వాటికి ఇప్పటికీ చోటిస్తున్నాయి.