మన రెండు రోడ్ల సినిమా చరిత్ర: చంద్రి నుంచి మన పిల్లల దాకా

మేడ్చల్, షామీర్‌పేట వైపు తండాల నుంచి మా హాస్టల్‌కు వచ్చే పిల్లలకు షూటింగ్ అంటే కొత్తేమీ కాదు. రోడ్డు పక్కన పెద్ద వ్యాన్లు ఆగి ఉండడం, చెరువు కట్ట మీద తెల్ల గొడుగులు నిలబెట్టడం, ఫామ్‌హౌస్ గేటు ముందు జనం మూగడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు. మనవాళ్ళలో ఆ పనికి పోయేవాళ్ళూ ఉన్నారు. లైట్లు మోస్తారు, గుంపు సీన్లలో నిలబడతారు, భోజనాల దగ్గర గిన్నెలు కడుగుతారు. ఒక ఆదివారం టీవీలో సినిమా అయిపోయాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, సినిమా తీసేటోళ్ళు మనోళ్ళల్ల ఉంటరా?" అని అడిగింది.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. బీఈడీ చదివాం, ఇరవై ఏళ్ళుగా పిల్లల మధ్యే ఉన్నాం, అయినా నోరు కదల్లేదు. తరువాత వెతుకుతూ పోతే సగం జవాబు మన రోడ్ల మీదే దొరికింది. మిగతా సగం మీ చేతుల్లో ఉంది కాబట్టి ఈ సంచికలో మీకే రాస్తున్నాం.

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద రోడ్లు పోతాయి. కొంపల్లి, మేడ్చల్ దాటి తూప్రాన్ మీదుగా పోయేది నాగపూర్ రోడ్డు. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూముకుంట దాటి షామీర్‌పేట మీదుగా గజ్వేల్, సిద్దిపేటకు పోయేది కరీంనగర్ రోడ్డు. ఈ రెండు రోడ్ల మీద పుట్టిన ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకోండి. తిరుమలగిరిలో 1934లో శ్యామ్ బెనెగళ్ పుట్టారు. షామీర్‌పేట దాటి ముందుకు పోతే గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్ వస్తుంది, అక్కడ 1946లో బి. నర్సింగరావు పుట్టారు. మేడ్చల్ దాటాక వచ్చే తూప్రాన్ గద్దర్ పుట్టిన ఊరు. డబ్బున్న నిర్మాతలు నడిపే సినిమాకు బయట, జనాన్ని ఆనుకుని సినిమా తీయవచ్చని చూపించిన చరిత్రలో ఈ ముగ్గురూ ఉన్నారు. మనం రోజూ ఏడో నంబరు ఆటోలో పోయే దారి అది.

బెనెగళ్ తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతో శ్యామ్ 12 ఏళ్ళకే మొదటి సినిమా తీశారు. 'అంకుర్' కథను పన్నెండేళ్ళకు పైగా వెంటపెట్టుకుని తిరిగినా మామూలు నిర్మాతలెవరూ ముందుకు రాలేదు. చివరికి వ్యాపార ప్రకటనల చిత్రాలు నడిపే బ్లేజ్ అనే సంస్థ డబ్బు పెట్టింది, 1974లో సినిమా బయటికి వచ్చింది. తెలంగాణ పల్లెలో దొర కొడుకు, అతని ఇంట్లో పనిచేసే లక్ష్మి, మాటలు రాని ఆమె భర్త కిష్టయ్య కథ అది. మాటల్లో మన దక్కనీ యాస వినిపిస్తుంది. రెండేళ్ళకు 'మంథన్' తీశారు. దానికి నిర్మాత ఒక్కడు కాదు. గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. లెక్క వేయండి, 10 లక్షలు. ఆ సినిమా విడుదలైనప్పుడు లారీల్లో, బండ్లలో వచ్చి చూశారు, ఎందుకంటే అది వాళ్ళ సినిమా. 2024లో దాన్ని బాగుచేసి కాన్ చిత్రోత్సవంలో మళ్ళీ చూపించారు.

నర్సింగరావు కథ మనకు ఇంకా దగ్గరిది. చిత్రకారుడు, కవి. 'ఆర్ట్ లవర్స్' అనే బృందాన్ని నడిపారు. గద్దర్ పాట మొదట్లో ఎదిగింది ఆ బృందం చుట్టూనే. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ కలిసి నిర్మించిన 'మా భూమి' 1979-80లో వచ్చింది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, అది ఆయన మొదటి కథాచిత్రం. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. తెలంగాణ సాయుధ పోరాటం కథ. పేరున్న హీరో లేడు, సాయిచంద్‌కు అదే తొలి సినిమా. బండి యాదగిరి రాసిన పాటను పాడుతూ గద్దర్ తెర మీద కనిపించారు. హైదరాబాదులో ఉదయం ఆటగా ఏడాది దాకా ఆడిందని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్తారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన సినిమా అవార్డులకు పెట్టింది ఆ గద్దర్ పేరే.

ఇక్కడ కాస్త ఆగుదాం. 'మా భూమి'లో ఒక అమ్మాయి ఉంది, పేరు చంద్రి. లంబాడీ పిల్ల. హీరో రామయ్య ఆమెను ప్రేమిస్తాడు. దొర బలవంతానికి ఆమె లొంగక తప్పని స్థితి వస్తుంది. అది తెలిసి రామయ్య తిరగబడతాడు, ఊరు విడిచి పట్నం పోతాడు. కథ అతని వెంట పోతుంది. చంద్రి వెంట పోదు. ఈ సినిమాను మేము హాస్టల్లో పెద్ద పిల్లలకు చూపించాం. అబ్బాయిలు, అమ్మాయిలు అందరూ రామయ్య గురించే మాట్లాడారు. ఒక్కతె మాత్రం, "మరి చంద్రి ఏం చేసింది మేడమ్?" అంది.

మంచి మనసుతో, ప్రాణం పెట్టి తీసిన సినిమా అది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో తెలుగు తెర మీద మనవాళ్ళు ఎట్లా కనిపించేవారో తెలిస్తే చంద్రి ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది. అద్దాల గాగ్రా తొడిగి, మధ్యలో ఒక పాటకు గంతులు వేయించి పంపించే 'లంబాడీ డ్యాన్సు' తప్ప ఇంకేముండేది? 1978లో చలం హీరోగా 'లంబాడోళ్ళ రాందాసు' వచ్చింది. పేరు మనదే, వేసింది మనవాళ్ళు కాదు. చంద్రి అట్లాంటి అలంకారం కాదు, కష్టం ఉన్న మనిషి. కానీ ఆమెను రాసిందీ, తీసిందీ, ఆమె వేషం కట్టిందీ కూడా బయటివాళ్ళే. అదే పోరాటంలో జనగామ ప్రాంతం ధర్మాపురం తండా జాటోతు ఠాను నాయక్ విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి 1950లో ప్రాణం ఇచ్చారు. ఠాను నాయక్ ఇంటి ఆడవాళ్ళు ఆ రోజులను ఎట్లా చెప్పుకునేవారో గోర్ బోలిలో వింటూ పెరిగినవాళ్ళు కెమెరా వెనక ఉంటే ఆ సినిమా వేరుగా ఉండేది.

నర్సింగరావు తరువాత తానే దర్శకత్వం చేపట్టారు. 'రంగుల కల', పల్లె బతుకు మీద 'మా ఊరు' అనే డాక్యుమెంటరీ, 1988లో 'దాసి'. గడీలో ఆడబాపగా బతికిన స్త్రీ కథ 'దాసి'. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళకు చిత్రకారుడు వైకుంఠానికి, దుస్తులకు సుదర్శన్‌కు, తెలుగులో ఉత్తమ చిత్రంగా. సుదర్శన్ గారి పేరే తరువాత 'దాసి సుదర్శన్' అయిపోయింది. బట్టలకు జాతీయ అవార్డు వస్తుందని చెబితే మా అమ్మాయిలు నమ్మలేదు. ఫేటియా, కాచళి కుట్టే చేతులు వాళ్ళ ఇంట్లోనే ఉన్నాయి కదా మరి.

2006లో వచ్చిన 'వనజ' పేరు మీలో చాలామంది విని ఉండరు. రజనీష్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువు కోసం తీసిన తెలుగు సినిమా. నటులంతా కొత్తవాళ్ళు. ఏడాది పాటు వాళ్ళకు నేర్పించి తీశారు. ప్రధాన పాత్ర వేసిన అమ్మాయి ఆ పాత్ర కోసం కూచిపూడి నేర్చుకుంది. ఆమె పేరు మమతా భూక్యా. 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది. అమెరికాలో పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఆ ఏడాది మంచి విదేశీ చిత్రాల్లో దాన్ని చేర్చారు. టైటిల్స్‌లో 'భూక్యా' అని చదవగానే మా హాలులో ఒక్కసారిగా గోల. ఆ ఇంటిపేరు వాళ్ళ హాజరు పట్టీలో రోజూ వినేదే.

సినిమా తీయడం ఒక పని, చూపించడం ఇంకో పని. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్ళు చాలామంది. అల్లాణి శ్రీధర్ 1990లో 'కొమరం భీమ్' తీశారు. జల్, జంగల్, జమీన్ అన్న మన గోండు వీరుడి కథ, టైటిల్ పాత్ర భూపాల్ రెడ్డి వేశారు. నంది అవార్డులు వచ్చాయి. అయినా థియేటర్ల దాకా రావడానికి 20 ఏళ్ళు పట్టింది, 2010లో విడుదలైంది. ఆదిలాబాద్ గూడేల్లో భీమ్ పాటలు పాడుకునే పిల్లలు ఆ ఇరవై ఏళ్ళలో పెద్దవాళ్ళయి, వాళ్ళకు పిల్లలు పుట్టి ఉంటారు.

దీన్ని కేరళలో జాన్ అబ్రహాం ముందే కనిపెట్టారు. 1984లో మిత్రులతో కలిసి ఒడెస్సా అనే బృందం పెట్టారు. ఊరూరా తిరిగి చాప్లిన్ సినిమా చూపించడం, జనం ఇచ్చిన చిల్లర పోగుచేయడం, ఆ డబ్బుతో 'అమ్మ అరియన్' తీయడం, 1986లో దాన్ని మళ్ళీ ఆ జనానికే చూపించడం. టికెట్ కౌంటరే లేదు. జార్ఖండ్‌లో ఉరావ్ ఆదివాసీ అయిన బీజు టొప్పో, మేఘనాథ్‌తో కలిసి రాంచీలో 'అఖ్రా' అనే సంస్థ ద్వారా డాక్యుమెంటరీలు తీస్తున్నారు. అఖ్రా అంటే అక్కడి పల్లెల్లో అందరూ కలిసి ఆడిపాడే చోటు, మనకు తీజ్ ఆడే వాకిలి లాంటిది. వాళ్ళ సినిమాలకు జాతీయ అవార్డులు వచ్చాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రశ్నకు మేము చెప్పగలిగిన మొదటి నికరమైన జవాబు బీజు టొప్పో. మన తెలుగులోనూ 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. విశాఖలోని ఆ పేట మనుషులే ఎనభై మందికి పైగా అందులో నటించారు. పేట అంతా తమ ఇళ్ళు, వీధులు ఇచ్చి నిలబడితేనే వెంకటేశ్ మహా దాన్ని తీయగలిగారు.

మరి మన దగ్గర? ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక షూటింగ్ యూనిట్ వాళ్ళు మా పిల్లల తండాకు వచ్చి, పాట కోసమని అయిదు ఫేటియాలు, తుక్రీలు అద్దెకు తీసుకున్నారు. ఒక్కొక్కటి నెలల తరబడి అద్దాలు, గవ్వలు, పాత నాణేలు కుట్టినవి. రెండే తిరిగి వచ్చాయి, అవీ అద్దాలు ఊడిపోయి. ఎవరి దగ్గరా కాగితం లేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పటి నుంచి ఆ తండాలో కెమెరా అంటే ముసలమ్మలకు ఒళ్ళు మండుతుంది. దాంతో మన పిల్లలు ఫోన్ పట్టుకుని వెళ్ళినా తిట్లే ఎదురవుతున్నాయి. తప్పు ఎవరిదో, శిక్ష ఎవరికో.

ఆ శిక్ష పడిన వాళ్ళలో మా ఇంటర్ అమ్మాయి ఒకతె. కిందటి తీజ్‌కు వాళ్ళ దాది గోధుమ మొలకల బుట్టల ముందు పాడుతుంటే ఫోన్‌లో తీయబోయింది. దాది ముఖం తిప్పుకుంది. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి రెండు రోజులు ఊరికే కూర్చుంది, సూది అందించింది, బుట్టలకు నీళ్ళు పోసింది. మూడో రోజు దాదే, "తియ్యి, కానీ ముందు నాకు చూపియ్యాలె" అంది. 11 నిమిషాల సినిమా అయింది. మొదటిసారి తీసినప్పుడు గాలి హోరులో పాట వినబడలేదు. ఇయర్‌ఫోన్ మైకును దాది తుక్రీ అంచుకు పిన్నుతో పెట్టి, ఫ్యాను ఆపి మళ్ళీ తీసింది. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. ఇది ఆ అమ్మాయి మాకు నేర్పింది.

దాన్ని ఎక్కడ చూపించాలి అన్నది తరువాతి ప్రశ్న. ఒకప్పుడు హైదరాబాదులో బాలల చిత్రోత్సవం జరిగేది, 2017లో మన హాస్టళ్ళ పిల్లలు కూడా బస్సుల్లో వెళ్ళారు. అందులో పిల్లలు తీసిన సినిమాలకే ప్రత్యేక విభాగం ఉండేది. దాన్ని నడిపిన బాలల చిత్ర సమితి 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో 'సినీవారం' మొదలుపెట్టింది, కొత్తవాళ్ళ చిన్న సినిమాలు శనివారాలు వేసి, తీసినవాళ్ళతో మాట్లాడించేది. మేడ్చల్ నుంచి ఒక బస్సు మారితే చేరుకునే చోటు. మీలో సినిమా తీసినవాళ్ళు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్ళి అడగండి, సిగ్గుపడొద్దు.

సంఘం పెద్దలను మేము అడిగింది పెద్ద మొత్తమేమీ కాదు. కమ్యూనిటీ హాలు తాళం, ఒక రాత్రికి ప్రొజెక్టరు, షూటింగ్ వాళ్ళు వస్తే వస్తువుల వివరం, అద్దె, తిరిగి ఇచ్చే తేదీ రాసి సంతకం చేయించే ఒక కాగితం. కాగితం నమూనా మేమే రాసి ఇచ్చాం, నాయక్ దగ్గర ఉంది. తాళం కోసం నాలుగుసార్లు తిరిగాం.

చివరికి హాలు దొరకలేదు. వేప చెట్టుకీ, కరెంటు స్తంభానికీ మధ్య హాస్టల్ దుప్పటి కట్టి వేశాం. దాది ముందు వరసలో మంచం వేయించుకుని కూర్చుంది. పాట మొదలవగానే తెర మీద ఉన్న తనతో కలిసి తనూ అందుకుంది, వెనకనున్న ఆడవాళ్ళూ అందుకున్నారు. అమ్మాయి అంత కష్టపడి రికార్డు చేసిన శబ్దం ఒక్క ముక్క వినబడలేదు. అయిపోయాక దాది, "మళ్ళీ వెయ్యి, ఈసారి అందరూ నోరు మూసుకోండ్రి" అంది.