నిలవ పెట్రోలు: మందు మిషన్లకు, పడవ మోటార్లకు చేటు

చిన్నమనూరు పరిసరాల ద్రాక్షతోటల వారికి ఈ అనుభవం క్రొత్త కాదు. రాత్రి వాన కురుస్తుంది. తెల్లవారేసరికి పందిళ్ళ క్రింద తేమ నిలిచి ఉంటుంది. బూజు తెగులు ఆకులకు ప్రాకకముందే మందు కొట్టవలసి ఉంటుంది. అటక మీది స్ప్రేయరును దింపి త్రాడు ఎన్ని మారులు లాగినా ఇంజను పలుకదు. మిషను పాడైనదని మెకానిక్కు వద్దకు మోసుకొని పోతారు. అతడు కార్బురేటరు విప్పి, జెట్టులో పట్టిన జిగురును తుడిచి ఇస్తాడు. నిజమునకు చెడినది మిషను కాదు, మూడు నెలల క్రితం అందులో వదలివేసిన పెట్రోలు. కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పంటను కాపాడే మిషను మాత్రం గ్లాసెడు పాత పెట్రోలుకు లొంగిపోతున్నది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు; తేలికవి, బరువైనవి అయిన అనేక ద్రవ్యాల మిశ్రమం. మూత వదులైన ట్యాంకు నుండి ముందుగా ఆవిరి అయ్యేవి తేలిక భాగాలు. చల్లని ఇంజను వెంటనే రాజుకొనుటకు అవే ఆధారం. మిగిలిన భాగం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్రమేణ జిగురుగా మారుతుంది. ఎండకు కాగే రేకుల కొట్టంలో ఈ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. బిగుతైన డబ్బాలో, నీడ పట్టున పెట్టిన పెట్రోలు సుమారు ఒక ఏడాది నిలుస్తుందని అంచనా. మూత ఒకసారి తీసిన తరువాత 20 డిగ్రీల వేడిలో ఆరు నెలలు, 30 డిగ్రీలలో మూడు నెలలు మాత్రమే. ఇంజను ట్యాంకులోనైతే నెల దాటితే అనుమానించవలసినదే.

ఇథనాలు కలియుటతో ఈ సమస్యకు మరొక ముఖం వచ్చినది. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాలలో 5 శాతంతో ఆరంభమైన ఈ మిశ్రమం 2022 జూను నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరినది. ఇథనాలు నీటిని తనలో కలుపుకుంటుంది. 10 శాతం ఇథనాలు ఉన్న ఒక లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని, అనగా ఒక చిన్న చెంచాడు నీటిని, భరించగలదు. 20 శాతమైతే మరికొంత ఎక్కువ. ఆ హద్దు మీరినా, రాత్రి చలికి ఆ శక్తి తగ్గినా, నీరు, ఇథనాలు కలిసి పొరగా విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజనుకు పోయే గొట్టం మొదలు పీల్చేది ఆ అడుగునుండే. గాలిలోని తేమను తప్పు పట్టేవారు చాలామంది. కాని మా అభిప్రాయంలో అసలు దోషి వదులైన మూత, వానలో నిలిపిన మిషను, పొలంలో దానిని కడిగిన నీరు.

టూ స్ట్రోక్ ఇంజనుకు ఇది మరీ ప్రమాదకరం. ఇందులో ఆయిలు పెట్రోలులోనే కలిసి ఉంటుంది. 50కి 1 పాలైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాలైతే 40. అడుగుకు దిగిన నీటి పొరలో ఈ ఆయిలు ఉండదు. ఆ పొరతో ఇంజను తిరిగితే పిస్టను ఎండిపోయి పట్టుకుంటుంది. అప్పుడు ఖర్చు కార్బురేటరు శుద్ధితో ఆగదు. కావున ఆయిలు కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచరాదు. ఏ రోజు పనికి ఆ రోజు కలుపుకొనుట ఉత్తమం.

పాత పెట్రోలును పరీక్షించుటకు పెద్ద సాధనాలు అక్కరలేదు. స్వచ్ఛమైన గాజు సీసాలో కొద్దిగా పోసి, ఒక గంట కదల్చక ఉంచి వెలుగులో చూడండి. రెండు పొరలు కనిపించినా, టీ డికాక్షను రంగుకు తిరిగినా, పుల్లని వార్నీషు వాసన వచ్చినా వాడకూడదు. దానికి క్రొత్త పెట్రోలు కలిపితే క్రొత్తది కూడా చెడుతుంది. తేటగా ఉండి రెండు మూడు నెలల పాతదైతే, ఒక పాలుకు నాలుగు పాళ్ళు తాజా పెట్రోలు కలిపి ఫోర్ స్ట్రోక్ నీటి ఇంజనుకు వాడవచ్చు. స్ప్రేయరుకు, గడ్డి కోసే మిషనుకు వలదు.

పని ముగిసి నెలకు మించి మిషనును ప్రక్కన పెట్టేటప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగే వరకు నడిపి, కార్బురేటరు క్రింది మర తిప్పి మిగిలిన చుక్కలను కూడ దింపాలి. ఇదంతా ఆరుబయటనే. మూసిన గదిలో గాని, బావిలో దించి గాని పెట్రోలు ఇంజనును నడిపితే వెలువడే విషవాయువు ప్రాణాలు తీస్తుంది.

మన లోయలో పడవ మోటార్లు లేవు గాని, కోస్తాలో బంధువులున్న కుటుంబాలకు ఒక మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూను 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆంధ్ర తీరంలో మోటారు పడవలు ఆ కాలమంతా ఒడ్డుననే ఉంటాయి. పెట్రోలు మోటారుకు విడిగా ఉండే చిన్న ట్యాంకును ఖాళీ చేయుట సులభం. పడవలోనే బిగించిన పెద్ద ట్యాంకును ఖాళీ చేయుట కష్టం గనుక, పెట్రోలు ఉబ్బుటకు కొంచెం చోటు విడిచి దాదాపుగా నింపి ఉంచితే లోపలి గాలి తగ్గి, తేమ చేరుట కూడా తగ్గుతుంది. వేటకు పోయే ముందు అడుగు నుండి కొద్దిగా తీసి సీసా పరీక్ష చేయకుండా సముద్రంలోకి దిగరాదు. నడిసముద్రంలో ఆగిన మోటారుకు మెకానిక్కు దొరకడు.

దించిన పెట్రోలును కాలువలో పారబోయుట మహాపచారం. ముల్లై నది నీరు వైగైలో కలిసి మదురై దాకా పోతుంది. దానితో పొయ్యి రాజేయుట అంతకన్న ప్రమాదం. కొద్దిపాటి పాత పెట్రోలును మూత బిగించిన ఇనుప డబ్బాలో మెకానిక్కుకు అప్పగించడమే మేలు. ఇంటి వాడకానికి 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండ ఉంచుకొనుటకు 1934 నాటి పెట్రోలియం చట్టం అనుమతిస్తున్నది గాని, అంత నిల్వ మన ఇండ్లకు అవసరమే లేదు. పది రోజుల పనికి సరిపడా కొనండి. డబ్బా మీద తేదీ వ్రాయండి. కూల్ డ్రింకు సీసాలో మాత్రం పోసి పెట్టకండి. బిడ్డలు నీరనుకొని త్రాగుతారు. అట్లు జరిగితే వాంతి చేయించకండి, ఉప్పునీరు పట్టకండి. అది ఊపిరితిత్తులలోకి పోతే మరింత హాని. వెంటనే 108కు ఫోను చేసి, ఆ సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి పోవాలి.