హమా రాళ్ళు కదిలిన రాత్రి

1872 నవంబరు. సిరియాలోని హమా పట్టణంలో చీకటి పడ్డా ఎవరికీ కునుకు లేదు. ఇళ్ళ గోడల్లో ఏనాటినుంచో ఇమిడిపోయి ఉన్న నల్లరాళ్ళను సర్కారు పెకలించుకుపోతుందన్న వార్త ఊరంతా పొక్కింది. వాటిమీద ఏవో బొమ్మలు, ఎవరూ చదవలేని రాత. ఊరివాళ్ళకు రాతతో పనిలేదు. కీళ్ళనొప్పులున్నవాళ్ళు ఒక రాయిమీద ఒళ్ళు చాపి పడుకుంటే గుణమిస్తుందని వాళ్ళ నమ్మకం. అది పరాయివాళ్ళ పాలయ్యేకంటే ముక్కలు చేసెయ్యడమే మేలని బెదిరింపులు మొదలయ్యాయి.

దమస్కులో మతప్రచారం చేసుకునే ఐర్లండ్ దేశస్థుడు విలియం రైట్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గవర్నరు సుభీ పాషాను ఒప్పించి రాళ్ళకు సిపాయిల కాపలా పెట్టించింది అతనే. ఇంతలో ఆకాశంలో ఉల్కలు! ఒకటీ రెండూ కాదు, వాన కురిసినట్టు. దేవుడికి కోపమొచ్చిందని ఊరు గగ్గోలెత్తింది.

తెల్లవారాక పెద్దమనుషులు పాషా దగ్గరికి వెళ్ళి అపశకునమని మొరపెట్టుకున్నారు. ఆయన సావధానంగా విని, ఆ చుక్కలు పడి ఎవరైనా చచ్చారా అని అడిగాడు. లేదన్నారు. అయితే అది శుభశకునమే అని తేల్చేశాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి పాషాయే. పండితులు చెప్పలేని జవాబు అంత తేలిగ్గా చెప్పాడు. రాళ్ళు ఇస్తాంబుల్ చేరాయి, వాటి అచ్చులు లండన్ వెళ్ళాయి.

అసలు రైట్‌కు ఆ ఆరాటం ఎందుకు? బైబిల్లో హిత్తీయులు ఉన్నారు. శారాను పాతిపెట్టడానికి అబ్రాహాము 400 తులాల వెండి తూచి ఇచ్చి గుహ కొన్నది హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర. దావీదు చావుకు పంపిన ఊరియా హిత్తీయుడే. రాజుల రెండో గ్రంథంలోనైతే, హిత్తీయుల రాజులు, ఐగుప్తు రాజులు కలిసి వస్తున్నారనుకుని సిరియా సైన్యం గుడారాలు వదిలి పరుగెత్తింది. ఊరూ పేరూ లేని జాతిని ఐగుప్తు సరసన నిలబెట్టడమేమిటని అప్పటి విమర్శకులు నవ్వేవారు. హమా రాళ్ళమీది రాత హిత్తీయులదేనని రైట్ వాదన. 1880లో పండితుడు ఆర్చిబాల్డ్ సేస్ కూడా అదే మాట అని, వాళ్ళ సామ్రాజ్యం టర్కీదాకా ఉందన్నాడు.

రుజువు 1906లో దొరికింది. అంకారాకు తూర్పున బొగజ్‌కొయ్ శిథిలాల్లో తవ్వకాలు జరుపుతున్న హ్యూగో వింక్లర్ చేతికి ఒక మట్టిపలక వచ్చింది. అందులో ఉన్నది ఐగుప్తు రాజు రామ్సెస్‌తో హిత్తీయుల రాజు హత్తుసిలి చేసుకున్న సంధి. ఐగుప్తు భాషలో అదే సంధి కర్ణాక్ ఆలయం గోడమీద ఉందని అతనికి తెలుసు. తాను నిలబడ్డది హిత్తీయుల రాజధాని హత్తుసాలో! అక్కడి పలకల్లోనే మరో ఒడంబడికలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులు సాక్షులుగా కనబడటం మనవాళ్ళు చెవి ఒగ్గి వినాల్సిన సంగతి.

1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ ఆ పలకల్లోని హిత్తీయుల భాష గుట్టు విప్పాడు. రొట్టె గుర్తు ఉన్న వాక్యంలోనే 'వాతర్' అన్న మాట, నీళ్ళన్నమాట. మన 'ఉదకం' దానికి దూరపు చుట్టం. అంటే సంస్కృతం, గ్రీకు ఏ కుటుంబమో హిత్తీయుల భాషా అదే. వాళ్ళు దాన్ని నేశా పట్టణం పేరుతో పిలుచుకున్నారు. హిత్తీయులన్న పేరుకు మూలమైన 'హత్తి' వాళ్ళకన్నా ముందు అక్కడున్నవాళ్ళ పేరు.

ఇంతమాత్రాన అబ్రాహాము గుహ కొన్న హెబ్రోనులో ఆనాడు ఈ సామ్రాజ్యంవాళ్ళు కాపురమున్నారని చెప్పలేం. ఆ ముడి ఇంకా విడలేదు. హమా రాళ్ళు కూడా హత్తుసా నాటివి కావు. సామ్రాజ్యం కూలిన మూడు వందల ఏళ్ళకు చెక్కినవి. భాష లువియన్, హిత్తీకి తోబుట్టువు. హమా రాజు ఉర్హిలిన, అతని కొడుకు ఉరతమి వాటిమీద తాము కట్టించిన కట్టడాల గురించి చెప్పుకున్నారు. అస్సీరియా శాసనాలు ఉర్హిలినకు ఇంకో జాగా కూడా ఇచ్చాయి. క్రీ.పూ. 853లో ఖర్ఖర్ యుద్ధంలో మూడో షల్మనేసరుకు ఎదురునిలిచిన కూటమిలో అతనున్నాడు. ఆ వరుసలోనే ఇశ్రాయేలు రాజు ఆహాబూ ఉన్నాడు.