సర్వస్వామ్యసంకలితము

పాత తెలుగు పుస్తకం ముఖపత్రం తిప్పితే, ముద్రణశాల పేరూ వెలా సంవత్సరమూ ఉన్నచోటే చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది: సర్వస్వామ్యసంకలితము. ఇప్పటి పుస్తకాల్లో దాని చోట ‘సర్వహక్కులు రచయితవి’ అనో ‘ప్రచురణకర్తలవి’ అనో ఉంటుంది. కొందరు ‘కాపీరైట్’ అన్న ముక్కతో సరిపెడుతున్నారు. హక్కు అరబ్బీ మాట. పారశీకం మీదుగా మన దస్తావేజుల్లోకి దిగి, హక్కుదారు, హక్కుభుక్తం అంటూ ఇక్కడే సంసారం పెట్టుకుంది. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అయినా వెనకటి అచ్చుకూటాలవాళ్లు ఏరుకున్న స్వామ్యం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇంటర్నెట్టులో కాపీరైటు చట్టాల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న తగవు చాలావరకు ఆ మాట మడతల్లోనే ఉంది.

ముందు ఆ ‘సంకలితము’ చూద్దాం. ఇంగ్లీషు పుస్తకం హక్కులన్నీ పక్కకు తీసి దాచుకున్నానంటుంది. తెలుగు పుస్తకం అన్నిటినీ ఒకచోట పోగుచేశానంటుంది. పోగుచెయ్యాలంటే అవి విడివిడిగా ఉండాలి, ఉన్నాయి కూడా. విజయనగర కాలపు దానపత్రాల్లో భూమిని ధారపోసేటప్పుడు ‘అష్టభోగ తేజస్స్వామ్యములు’ అని రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. పూర్వం ఎవరో పాతిపెట్టిన ధనం, దాచిన సొమ్ము, నీరు, రాయి, తరగని రాబడి, ఇకముందు రాబోయే రాబడి, ఇప్పటికే సాగులోకి వచ్చింది, సాగులోకి తేగలిగింది. ఒకే చెక్క నేల మీద ఎనిమిది రకాల అనుభవం. పుస్తకం మీదా అంతే. అచ్చువేసుకోవడం, అనువదించడం, నాటకంగా ఆడటం, సినిమా తీయడం దేనికది వేరు. వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆగామి. 1930లో కథ రాసినాయన ఇంటర్నెట్టును ఊహించి ఉండడు. అయినా ఆ కథ తెరమీద కనబడే హక్కు ఆయన పోగులోనే చేరింది.

స్వ అంటే తనది. పాణిని ‘స్వామి’ శబ్దాన్ని ఐశ్వర్యమనే అర్థంలో ప్రత్యేకంగా సాధించాడు. అక్కడ ఐశ్వర్యమంటే ఈశ్వరత్వం, ఏలడం. వస్తువు చేతిలో ఉన్నవాడల్లా స్వామి కాడు. దాని విషయంలో సరే అనగలిగినవాడూ వద్దు అనగలిగినవాడూ స్వామి. తెలుగులో ఈ స్వామ్యం ఒంటరిగా పెద్దగా తిరగదు, ముందు ఇంకో మాట ఉండాలి. భూస్వామ్యం అనగానే గడీ, వెట్టి గుర్తొస్తాయి. ప్రజాస్వామ్యమంటే ఓటు. భాగస్వామ్యమంటే నలుగురూ తలా ఒక చెయ్యి వేసిన పని. గ్రంథస్వామ్యమంటే కాపీరైటు. చివరిమాట నాలుగింటిలోనూ ఒకటే, మొదటిమాటను బట్టి మనిషికి మనిషితో ఉన్న సంబంధమే మారిపోతుంది.

అందరూ కలిసి రాసుకునే వెబ్‌సైట్లు భాగస్వామ్యాలు. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ అయినా తీసుకుని ‘చరిత్ర’ నొక్కి చూడండి. ఒక వాడుకరి ఊరి పేరుతో నాలుగు వాక్యాల వ్యాసం మొదలుపెడతారు. ఇంకొకరు జనాభా లెక్క చేరుస్తారు. మరొకరు వచ్చి అచ్చుతప్పు దిద్దిపోతారు. గుడి ఫొటో పెట్టేది వేరొకరు. ఎవరిది ఏ ముక్కో, ఏ రోజు ఏ వేళకు రాశారో అక్కడ ఉంటుంది. రాసి ప్రచురించిన ప్రతివాళ్లూ, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకుంటే అదే షరతు మీద పంచాలి అన్న లైసెన్సుకు ఒప్పుకున్నట్టే. తమ స్వామ్యాన్ని వాళ్లు వదులుకోలేదు, తలుపు తీసి పెట్టారు. మొత్తం పేజీకి యజమాని ఎవరని అడిగితే చెప్పడానికి ఒక్క పేరు లేదు. చట్టానికి మాత్రం ఒక్క పేరు కావాలి. దావా ఎవరో ఒకరి మీద వెయ్యాలిగదా.

2011లో అమెరికాలో వచ్చిన ‘సోపా’, ‘పీపా’ బిల్లులు ఆ పేరు కోసమే వెతికాయి. సినిమాలు, పాటలు దొంగతనంగా పంచే పరదేశపు సైట్లను పట్టుకోవాలన్నది వాటి ఉద్దేశం. అందులో తప్పు లేదు. పద్ధతే భయపెట్టింది. పేరు టైపు చేసినా సైటు తెరుచుకోకుండా ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్ల చేత ఆపించడం, ప్రకటనలూ డబ్బు చెల్లింపులూ తెగ్గొట్టించడం. ఉల్లంఘించిన సైటుతో పాటు ఉల్లంఘనకు ‘వీలు కల్పించిన’ సైటు కూడా ఆ వలలో పడుతుంది. ఈ వీలు కల్పించడమనే మాటకు గట్టు లేదు. ఎవరైనా వచ్చి రాయగల పేజీ పెట్టడమే వీలు కల్పించడం. 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా ఒక రోజంతా తనను తాను మూసుకుంది. రెండు రోజులకు ఆ బిల్లులు పక్కకు పెట్టారు.

తగవు అక్కడితో తెగలేదు, ఐరోపాకు వెళ్లింది. దాని గురించి చెప్పేముందు మన ధర్మశాస్త్రాల్లోకి ఒకసారి వెళ్లిరావాలి. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో, అంటే దావా వెయ్యదగిన విషయాల్లో, మూడోది అస్వామివిక్రయం, నాలుగోది సంభూయసముత్థానం. స్వామి కానివాడు సొత్తు అమ్మడం మొదటిది, నలుగురు కలిసి ఒక పని లేవనెత్తడం రెండోది. పైరసీ, సముదాయం పక్కపక్కనే కూర్చున్నాయి. అస్వామివిక్రయం గురించి యాజ్ఞవల్క్యస్మృతి పెట్టిన విచక్షణ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఊరికి తెలిసేలా కొన్నవాడొకడు. చాటుగా, వేళకాని వేళ, మరీ తక్కువ వెలకు, అలాంటి సొత్తు ఉండదగనివాడి దగ్గర కొన్నవాడు ఇంకొకడు. రెండోవాడిని దొంగగానే చూడమంది. మొదటివాడు తనకు అమ్మినవాణ్ణి చూపిస్తే చాలు, శుద్ధుడౌతాడు. సొత్తు స్వామికి, జరిమానా రాజుకు, ఇచ్చిన వెల కొన్నవాడికి, ఇవన్నీ ఆ అమ్మినవాడి దగ్గరే రాబట్టాలి.

ఈ ‘చూపిస్తే శుద్ధి’ అన్న న్యాయానికి దగ్గరగా వచ్చింది 1998 నాటి అమెరికా చట్టం, డీఎంసీఏ. వాడుకరి పెట్టినదానికి సైటును ముందే దోషిని చెయ్యదు. హక్కుదారు ఫలానాది నాది అని నోటీసు ఇస్తే తీసెయ్యాలి. తీసేస్తే సైటుకు రక్షణ ఉంటుంది. పెట్టినవారికి కూడా, అది మాదే, తిరిగి పెట్టండి అని జవాబు చెప్పుకునే దారి ఉంది. దీన్ని దుర్వినియోగం చేసినవాళ్లు లేకపోలేదు. అయినా తప్పు చేసినవారూ చోటిచ్చినవారూ ఒకటి కాదన్న గ్రహింపు అందులో ఉంది.

ఐరోపా సమాఖ్య ఆ గ్రహింపును తిరగేసింది. కొత్త కాపీరైటు చట్టం ముసాయిదాలో 13వ అధికరణంగా రభస రేపి, చివరికి 17వ అధికరణంగా నిలబడినది అదే. వాడుకరులు పెట్టిన కృతులను లాభం కోసం పెద్దమొత్తంలో పంచే సైటు, వాటిని తానే ప్రజలకు అందించినట్టు లెక్క. అనుమతులు తెచ్చుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాలి. హక్కుదారులు వివరాలిచ్చిన కృతులు అసలు కనబడకుండానే చూడాలి. అంటే ఆచరణలో, ప్రతి ఎక్కింపునూ ముందుగా జల్లించే యంత్రం. 2018 జులైలో ఇటాలియన్ వికీపీడియా, 2019 మార్చి 21న జర్మన్, డేనిష్, చెక్, స్లోవాక్ వికీపీడియాలు నిరసనగా తెర దించాయి. మార్చి 26న ఐరోపా పార్లమెంటు 348-274 ఓట్లతో దాన్ని ఆమోదించింది.

జల్లెడ అంటున్నాను గనక అది ఏం చూస్తుందో చెప్పాలి. పాటకో దృశ్యానికో వేలిముద్రలాంటి గుర్తు తయారుచేసి, కొత్తగా వచ్చినదానితో పోలుస్తుంది. కలిస్తే ఆపుతుంది. ఎందుకు కలిసిందో దానికి పట్టదు. మన సాహిత్యంలో సగం బతుకు ఆ ‘ఎందుకు’లోనే ఉంది. వ్యాఖ్యాత పద్యం మొత్తం ఎత్తి రాసుకుని, కింద ప్రతిపదార్థమూ తాత్పర్యమూ విశేషాంశాలూ చెబుతాడు. పద్యంలో ఒక్క పాదం తగ్గినా వ్యాఖ్యానం కుంటుపడుతుంది. జరుక్ శాస్త్రి పేరడీలో మూలకవి నడక వినపడకపోతే అది పేరడీయే కాదు. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలు మనదేశంలో 2043 చివరిదాకా కాపీరైటులోనే ఉంటాయి. అందాకా ఆయన గీతం మీద నలుగురు కలిసి వాదించుకునే చోటల్లా ఆ గీతంలోని పంక్తులు పడకతప్పదు. యంత్రం దృష్టిలో వ్యాఖ్యానమూ, పేరడీ, దొంగ ప్రతీ ఒకే గాట కట్టదగినవి. ఉల్లేఖన, విమర్శ, పేరడీలకు చోటుండాలని ఆ 17వ అధికరణమే చెబుతోంది. పోలండు వేసిన దావాలో 2022 ఏప్రిల్‌లో ఐరోపా న్యాయస్థానం అధికరణాన్ని నిలబెడుతూనే, న్యాయమైనదాన్నీ కానిదాన్నీ తగినంత వేరుచెయ్యలేని జల్లెడ భావప్రకటన స్వేచ్ఛకు సరిపడదంది. ఆ వేరుచెయ్యడం తెలిసిన మనుషులను జీతమిచ్చి పెట్టుకోవడం యూట్యూబుకు సాధ్యం. రాత్రిపూట ఉద్యోగం నుంచి వచ్చి ఒక సాహిత్య సైటు నడుపుకునే ముగ్గురు స్నేహితులకు కాదు. వాళ్లకు చేతనయ్యేది ఒకటే, అనుమానం వచ్చినదల్లా తీసెయ్యడం, లేదా ఎవరినీ రాయనివ్వకపోవడం.

రచయితల పక్షం నేను మరిచిపోలేదు. తెలుగు నవల అచ్చయి బజారులోకి రాగానే పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. అసలే వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడం గగనమైన భాషలో అది రచయిత నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. సాహిత్యసేవ అని పేరుపెట్టినా అది అస్వామివిక్రయమే, సొమ్ము చేతులు మారకపోయినా సరే. రాత్రికి రాత్రే గ్రూపులో పడే ఆ పీడీఎఫ్ స్మృతి చెప్పిన చాటువ్యవహారం. ప్రతి మార్పునూ పేరుతో, తేదీతో, వేళతో బయటపెట్టుకునే పేజీ బాహాటపు వ్యవహారం. రెండింటినీ ఒకే కొలతతో కొలిచే చట్టం రచయితకూ మేలు చెయ్యదు. పీడీఎఫ్ పంచేవాళ్లు రేపు ఇంకో సందులోకి మారిపోతారు, దొరికేది చిరునామా ఉన్నవాళ్లే.

ఆ యాజ్ఞవల్క్యస్మృతికి రాసిన వ్యాఖ్య మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు ఒక పెద్ద చర్చ చేశాడు. స్వత్వం, అంటే ఇది నాది అనే సంబంధం, శాస్త్రం చెబితే పుట్టిందా, లోకవ్యవహారంలోంచి వచ్చిందా అని. లౌకికమే అని తేల్చాడు. శాస్త్రం ఎరగనివాళ్లలోనూ కొనడం, అమ్మడం ఉన్నాయి, స్వత్వమూ ఉంది. ఆ మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన నేల మీద ఉమ్మడి కుటుంబాల ఆస్తి వ్యవహారం శతాబ్దాలపాటు మితాక్షర న్యాయంతోనే సాగింది. పంపకాలు జరిగేదాకా ఫలానా గది నాది అని ఎవరూ అనరు, అయినా అందరికీ స్వత్వం ఉంటుంది. ఇంటర్నెట్టు సముదాయాలు ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి లౌకికాన్నే కట్టుకుంటూ వచ్చాయి. తెలుగు వికీపీడియా రచ్చబండలో కాపీహక్కుల మాట ఎన్నోసార్లు వస్తుంది. పత్రికలోంచి యథాతథంగా దించిన వ్యాసం కనబడితే నిర్వాహకులు తీసేస్తారు, రాసినవారికి చెబుతారు. ఏ కోర్టూ అడగకముందే చేసే పని అది. చట్టం రాసేవాళ్లు ఆ అలవాటును చూసి రాయాలన్నదే నా మాట.

మన దేశపు చట్టంలో అలా చూసిన జాడ కొంత ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, లింకుల కోసమో అందుబాటు కోసమో తాత్కాలికంగా నిలవచేసిన కృతి మీద హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 21 రోజులపాటు దాన్ని ఆపాలి. ఈలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులో పెట్టవచ్చు. ఫిర్యాదుకు విలువుంది, గడువుంది, రెండో పక్షానికి ఊపిరి ఉంది.

ఐరోపా చట్టంలోనూ సముదాయాల గోల వినబడ్డ చోట్లున్నాయి. లాభం చూసుకోని విజ్ఞానసర్వస్వాలకు 17వ అధికరణం వర్తించదు. ఏటా కోటి యూరోల లోపు రాబడి ఉన్న కొత్త సైట్లకు భారం తేలిక, అదీ మొదటి మూడేళ్లే. మిగిలిన చిక్కంతా మధ్యవాళ్లది. సర్వరు ఖర్చు కోసం పక్కన రెండు ప్రకటనలు వేసుకుని, పదేళ్లుగా పాత పాటల మీద చర్చలు నడుపుతున్న చోటు లాభాపేక్ష కిందికి వస్తుందా? అక్కడ పోగైన పాటలు ‘పెద్దమొత్తం’ అవుతాయా? ఎన్నయితే పెద్దమొత్తమో ఆ చట్టంలో అంకె లేదు. ఏ కేసుకు ఆ కేసుగా చూసుకోమంది. వకీలును పెట్టుకోగలిగినవాళ్లు ఆ కేసు వాదించుకుంటారు. పెట్టుకోలేనివాళ్లు కాగితం రాకముందే చర్చ మూసేస్తారు.