మహమ్మారి - ప్రజారోగ్య దీర్ఘకాలిక ప్రణాళిక: ఇందూరు ప్రాంత చారిత్రక పరిశీలన

కీలకపదాలు: మహమ్మారి, ప్రజారోగ్యం, ఇందూరు, డిచ్‌పల్లి, క్షయ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

1. ఉపోద్ఘాతం

మహమ్మారి ప్రజారోగ్య వ్యవస్థకు నిధులను తెస్తుంది. అదే సమయంలో నిత్య కార్యక్రమాల నుంచి సిబ్బందిని మళ్లిస్తుంది. భయం తొలగిన తరువాత ఏవి నిలిచాయి, ఏవి వెనుకబడ్డాయి అన్నది చరిత్ర దృష్టితో పరిశీలించదగిన అంశం. మాక్లూర్, డిచ్‌పల్లి, బోధన్‌లతో కూడిన ఇందూరు (నిజామాబాద్) ప్రాంతాన్ని కేంద్రంగా చేసుకొని ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా

1911 నుంచి హైదరాబాద్ నగరాన్ని ప్లేగు పలుమార్లు పీడించింది. 1915లో ఏర్పడిన క్వారంటైన్ ఆసుపత్రి తరువాత నల్లకుంటకు మారి, ప్రజల నోట 'కోరంటి ఆసుపత్రి'గా నిలిచింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఇంతకంటె తీవ్రమైనది. 1911లో 1,33,74,676గా ఉన్న హైదరాబాద్ సంస్థాన జనాభా 1921 నాటికి 1,24,71,770కి తగ్గింది. ఈ తగ్గుదలకు కరవు, ప్లేగులతో పాటు ఇన్‌ఫ్లుయెంజా కూడా కారణమే. అయితే ప్లేగు మళ్లీ మళ్లీ రావడం వల్ల స్థిరమైన ఏర్పాటు అవసరమైంది. ఇన్‌ఫ్లుయెంజా ఉధృతి నెలల్లోనే ముగియడంతో అటువంటి ఒత్తిడి నిలవలేదు. మరణాల సంఖ్య ఒక్కటే ప్రణాళికను నిర్ణయించదని దీనివల్ల తెలుస్తున్నది.

3. డిచ్‌పల్లి అనుభవం

అదే 1915లో మాక్లూర్‌కు సమీపంలోని డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కృషితో, రాజా నర్సాగౌడ్ విరాళంతో కుష్ఠువ్యాధి చికిత్సాలయం రూపుదిద్దుకొన్నది. కుష్ఠు నెమ్మదిగా సాగే వ్యాధి. దానికి ఏళ్ల తరబడి చికిత్స, రోగులకు వసతి, పని అవసరం. అందువల్ల అక్కడి ప్రణాళిక మొదటి నుంచే దీర్ఘకాలికమైనది.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం

1946 నాటి భోర్ కమిటీ నివేదిక చికిత్సను, నివారణను ఒకే వ్యవస్థలో కలపాలని సూచించింది. మండల స్థాయిలో నేడు పనిచేస్తున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఈ ఆలోచనే మూలం. టీకాలు, గర్భిణుల పరీక్షలు, క్షయ రోగుల గుర్తింపు వీటి నిత్య విధులు. బీడీ కార్మికులు, గల్ఫ్ వలస కుటుంబాలు అధికంగా ఉన్న ఈ జిల్లాలో ఆ విధులకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

5. కోవిడ్ అనంతర స్థితి

తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న నమోదైంది. దేశంలో 2019లో 24.04 లక్షలుగా ఉన్న క్షయ రోగుల నమోదు 2020లో 18.05 లక్షలకు పడిపోయింది. వ్యాధి తగ్గలేదు, గుర్తింపు తగ్గింది. 2025 నాటికి క్షయను నిర్మూలించాలన్న నాటి జాతీయ లక్ష్యానికి ఇది పెద్ద ఆటంకమైంది. మరోవైపు 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. 2023లో కామారెడ్డిలో వైద్య కళాశాల ప్రారంభమైంది. అయితే నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల 2013 నాటిది. కోవిడ్ కాలంలో జిల్లాకు ఆసరా అయినది అంతకుముందే జరిగిన ఆ నిర్మాణమే.

6. ముగింపు

మహమ్మారి కాలంలో కొత్తగా కట్టినదాని కంటె, ముందే నిలిపిన వ్యవస్థ ఎక్కువగా ఉపకరిస్తుంది. కాబట్టి అత్యవసర సేవలకు ప్రత్యేక సిబ్బందిని ముందుగానే కేటాయించి, ప్రాథమిక కేంద్రాల నిత్య విధులకు అంతరాయం కలగకుండా చూడడమే దీర్ఘకాలిక ప్రణాళికకు గీటురాయి. ఆగిన క్షయ పరీక్ష తరువాతి ఏళ్లలో మరొక వ్యాధి భారంగా తిరిగి వస్తుంది.