కాకి వాలింది, తాటిపండు రాలింది

అమెరికా వాళ్ళు టెలివిజన్ ధారావాహికల్లో ఒక్కో భాగానికి ఒక్కో పేరు పెడుతుంటారు. అప్పుడప్పుడు లాటిన్ మాటలు తెచ్చి తగిలిస్తారు. 'ది వెస్ట్ వింగ్' రెండో భాగం 1999 సెప్టెంబరు 29న వచ్చింది. దాని పేరు 'పోస్ట్ హాక్, ఎర్గో ప్రాప్టర్ హాక్'. నోరు తిరగదు కదూ! అర్థం మాత్రం మన వీధి అరుగు మీది మాటే: "దాని తర్వాత జరిగింది, కాబట్టి దానివల్లే జరిగింది." తర్కశాస్త్రంలో ఇదొక దోషం. కథలో అధ్యక్షుడు తన సిబ్బందికి ఆ సంగతే చెబుతాడు, ఒక రాష్ట్రంలో తాము ఓడింది టోపీల మీద వేసిన జోకు వల్ల కాదని!

మన పెద్దలు ఈ దోషానికి విరుగుడు ఒక్క మాటలో పెట్టారు. తాటిచెట్టు మీద కాకి వాలింది, అప్పుడే పండు రాలింది. కాకి వల్ల కాదు, ముగ్గింది కనుక రాలింది. అదే 'కాకతాళీయం'. ముదినేపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఆ మర్నాడు అక్కడ ఎవరి గేదో ఈనితే, జిల్లా మారినందుకే ఈనిందంటే నవ్వరూ?

కోడలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ నవ్వు రాదు. ఆ పిల్ల గడపలో కాలు పెట్టిన నెలకి మామగారు మంచాన పడితే "పాదం మంచిది కాదు" అనేస్తారు. ఆయన రక్తపోటు పదేళ్ళనాటిదని గుర్తుండదు. ఇక మొగుడు పోతే "మొగుణ్ణి మింగింది" అనడమే!

వితంతువులు మళ్ళీ పెళ్ళాడవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో గౌరమ్మ అనే బాలవితంతువుకు పెళ్ళి చేయించింది 1881 డిసెంబరు 11న. తెలుగునాట అదే మొదటిదంటారు. మధ్యలో పాతికేళ్ళు! చట్టం మారినంత తేలిగ్గా ఆ "మింగింది" అనే మాట మారలేదన్నమాట. ఊరు వెలివేసి వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు రాకపోతే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి, వండి వడ్డించారు.

అంతటి శ్రమ మనకిప్పుడు లేదు. లాటిన్ కూడా అక్కర్లేదు. ఈసారి ఎవరైనా "ఆ పిల్ల వచ్చింది, ఇలా జరిగింది" అని మొదలెడితే మెల్లిగా అందుకోండి:

"కాకి వాలింది లెండి, పిన్నిగారూ! పండు ఎప్పుడో ముగ్గింది."