పేలిన తూటా గుల్ల: ఇత్తడి నుంచి ప్లాస్టిక్ దాకా

అమెరికాలో ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీలు జరిగే మైదానాల్లో రౌండు ముగియగానే కొందరు షూటర్లు వంగి, షాట్‌గన్‌లోంచి రాలిన ఖాళీ గుల్లలను ఏరుకుంటారు. రంగు చూసి ఊరుకోరు, మూతిలోంచి లోపలికి తొంగి చూస్తారు. మళ్లీ మందూ రవ్వలూ నింపుకునేవాళ్లకు ఆ లోపలి ఆకారమే ముఖ్యం.

ఒకప్పుడు ఈ గుల్లే లేదు. మందు, అడ్డుబిళ్ల, సీసపు రవ్వలు అన్నీ తుపాకీ మూతిలోంచే దట్టించేవారు. 1830లలో పారిస్ తుపాకుల తయారీదారు కాజిమీర్ లెఫోషో మధ్యకు విరిచి వెనక నుంచి నింపే తుపాకీని, దానికి సరిపోయే తూటాను తెచ్చాడు. ఆ తూటా పక్కన పుల్లలాంటి పిన్ను పొడుచుకొచ్చి ఉండేది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఆ తుపాకీని చూశాక ఇంగ్లిష్ పనివాళ్లూ ఆ దారి పట్టారు. తర్వాత పిన్ను పోయి, అడుగున నడిమధ్య ప్రైమర్, అంటే మందును అంటించే చిన్న నిప్పు గుళిక, వచ్చింది. నేటికీ అదే పద్ధతి.

ఆ రోజుల గుల్లల్లో ఇత్తడిది ఖరీదైనదే అయినా పదేపదే నింపుకోగలిగేవారు. కాగితం గుల్ల చవక, కానీ తడి తగిలితే ఉబ్బి తుపాకీలో ఇరుక్కునేది. మైనం పట్టించినా నాలుగుసార్లు పేలేసరికి మూతి కాలిపోయేది.

1958లో రిచర్డ్ లీ అనే అమెరికన్ ‘లీ లోడర్’ను రూపొందించాడు. ఇంట్లోనే చేత్తో తూటాలు నింపుకోవడానికి అది చవకైన సాధనం. రెండేళ్లకే, 1960లో, రెమింగ్టన్ కంపెనీ ప్లాస్టిక్ గుల్లను తెచ్చింది. నింపుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కాలం రాలేదనే చెప్పాలి.

అసలు చిక్కు మాత్రం ఇక్కడే మొదలైంది. 1960ల నడుమ వించెస్టర్ కంపెనీ తెచ్చిన ‘ఏఏ’ గుల్లలో గోడా అడుగూ ఒకే ముక్క. గోడ కిందికి పోయేకొద్దీ మందమై లోపలి చోటు సన్నబడుతుంది. దాని మన్నిక చూసి షూటర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2000 ప్రాంతంలో కంపెనీ పద్ధతి మార్చి, అడుగు భాగాన్ని విడి ముక్కగా అమర్చింది. పేరు మాత్రం అదే! ఫెడరల్ గోల్డ్ మెడల్ ప్లాస్టిక్ గుల్లలోనేమో గోడలు నిటారుగా ఉండి, అడుగున విడి బిళ్ల కనిపిస్తుంది. లోపలి చోటు మారితే అదే మందు వేరే ఒత్తిడి పుట్టిస్తుంది. అందుకే నింపకం పుస్తకాలు ప్రతి కొలతనూ ఫలానా గుల్లకే అని కట్టడి చేస్తాయి. వేర్వేరు గుల్లలను ఒకే సంచిలో కలిపేసుకోవడం ప్రమాదకరం.

గుల్ల రంగుకూ ఒక కారణం ఉంది. 20 గేజ్ తూటా 12 గేజ్ దానికంటే సన్నం కాబట్టి, 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అది చూసుకోక వెనక మరో తూటా పేలిస్తే గొట్టమే బద్దలవుతుంది. అందుకే 20 గేజ్‌కు పసుపు రంగు కేటాయించారు.

గుల్ల అడుగున ఉండే లోహపు తొడుగు పసుపుపచ్చగా మెరిసినంత మాత్రాన అది ఇత్తడి కానక్కర్లేదు. చాలావాటికి ఇత్తడి పూసిన ఉక్కే ఉంటుంది, అయస్కాంతం ఆనిస్తే తెలిసిపోతుంది. మూతి చీలినవి, గోడకు సూదిబెజ్జం పడినవి, తుప్పు పట్టినవి, ప్రైమర్ వదులుగా కూర్చునేవి అనుభవజ్ఞులు అక్కడికక్కడే పారేస్తారు.